షేర్‌హోల్డర్స్ అగ్రిమెంట్‌లో "ఆస్తుల్లో గణనీయమైన భాగం" అని మాత్రమే రాశారు, సంతకం పెట్టొచ్చా?

యార్డు_రోడ్డు (ప్రశ్న అడిగినవారు)

అందరికీ నమస్తే. మాది గుంటూరు దగ్గర కోల్డ్ స్టోరేజీ, దాన్ని ఆనుకునే మిర్చి పొడి యూనిట్ కూడా ఉంది, రెండూ ఒకే ప్రైవేట్ లిమిటెడ్ కంపెనీ కింద. షేర్లు మూడు కుటుంబాల దగ్గర ఉన్నాయి, పెదనాన్న వాళ్ళకి 45 శాతం, నాన్న స్నేహితుడు ఒకాయన ఉన్నారు ఆయనకి 30, మాకు 25. ఇన్నేళ్ళూ అగ్రిమెంట్ అంటూ ఏమీ లేదు, మాట మీదే నడిచింది. ఇప్పుడు పొడి యూనిట్ పెంచుదామని టర్మ్ లోన్ తీసుకుంటున్నారు, దానికి నాన్న పర్సనల్ గ్యారంటీ ఇవ్వాలి, మా ఇల్లు కూడా కొల్లేటరల్ పెడుతున్నాం. అందుకని నేనే పట్టుబట్టి షేర్‌హోల్డర్స్ అగ్రిమెంట్ రాయిద్దాం అన్నాను, సరే అన్నారు, డ్రాఫ్ట్ వచ్చింది.

అందులో ఒక క్లాజ్ దగ్గర ఆగిపోయాను. "కంపెనీ ఆస్తుల్లో గణనీయమైన భాగాన్ని అమ్మాలంటే షేర్‌హోల్డర్లందరి రాతపూర్వక అంగీకారం ఉండాలి" అని ఉంది, ఇంగ్లీషులో సబ్‌స్టాన్షియల్ పోర్షన్ అని. గణనీయమైన భాగం అంటే ఎంత అన్నది డ్రాఫ్ట్ మొత్తం వెతికినా ఎక్కడా లేదు. నా భయం ఏంటంటే కోల్డ్ స్టోరేజీ పక్కన కంపెనీ పేరు మీదే 2 ఎకరాల ఖాళీ స్థలం ఉంది, బైపాస్‌కి దగ్గర, పెదనాన్న కొడుకు అన్నయ్య దాన్ని ప్లాట్లు వేసే వెంచర్ వాళ్ళకి ఇచ్చేద్దాం అని ఎప్పట్నుంచో అంటున్నాడు. రేపు అమ్మేసి "ఇది గణనీయమైన భాగం కాదురా, ఖాళీ స్థలమే కదా" అంటే మేం ఏం చెయ్యగలం? బ్యాలెన్స్ షీట్‌లో మొత్తం ఆస్తులు దాదాపు 9 కోట్లు, ఆ స్థలం మాత్రం 2006లో కొన్న రేటుకే 22 లక్షలు అని ఉంది. ఇవాళ దాన్ని 6 కోట్లకి అడుగుతున్నారు.

డ్రాఫ్ట్ రాసిన లాయర్ గారిని అడిగితే అన్ని అగ్రిమెంట్లలో ఇలాగే రాస్తారు, చట్టంలోనే 20 శాతం అని ఉంది, ఏదైనా తేడా వస్తే అది వర్తిస్తుంది అన్నారు. నిజమేనా? తెలిసినవాళ్ళు కాస్త చెప్పండి, వచ్చే వారం సంతకాలు.

బ్రాడీపేట_కుర్రాడు

అన్నా ఫ్యామిలీ మేటర్స్‌లో ఇంత లోతుగా వెళ్తే సంబంధాలు చెడతాయి, 20 శాతం చట్టంలో ఉందంటున్నారుగా, కానిచ్చేయండి. మా బాబాయ్ వాళ్ళ కంపెనీలో కూడా ఇదే లైన్ ఉంది, ఏ గొడవా రాలేదు.

సీఎస్_అమరావతి

పైన తమ్ముడు చెప్పినదానికి నేను ఒప్పుకోను, ఇల్లు తాకట్టు పెడుతున్న మనిషికి కానిచ్చేయండి అని చెప్పకూడదు.

యార్డు రోడ్డు గారూ, లాయర్ గారు చెప్పిన 20 శాతం నిజంగానే ఉంది, కంపెనీల చట్టం 2013లో సెక్షన్ 180. పాత 1956 చట్టంలో 293 ఉండేది, అందులో అంకె ఉండేది కాదు, ఎంత అమ్మితే "దాదాపు మొత్తం" అవుతుంది అని ప్రతి కేసులోనూ వాదించుకోవాల్సి వచ్చేది, అందుకే కొత్త చట్టంలో అంకె పెట్టారు. కానీ ఆ అంకె మీకు ఉపయోగపడదు, ఒక కారణం కాదు, చాలా ఉన్నాయి.

మొదటిది, మీది ప్రైవేట్ కంపెనీ. 2015 జూన్ 5న కేంద్రం ఇచ్చిన నోటిఫికేషన్‌తో సెక్షన్ 180 ప్రైవేట్ కంపెనీలకి వర్తించకుండా మినహాయించారు, 2017లో దానికి ఒక షరతు కలిపారు, బ్యాలెన్స్ షీటూ యాన్యువల్ రిటర్నూ ఆర్‌ఓసీలో, అంటే కంపెనీల రిజిస్ట్రార్ దగ్గర, వెయ్యడంలో డిఫాల్ట్ ఉండకూడదని. మీ ఫైలింగ్స్ సరిగ్గా ఉంటే ఆ సెక్షన్ మీ కంపెనీకి లేనట్టే, స్థలం అమ్మడానికి బోర్డు తీర్మానం చాలు. బోర్డులో మెజారిటీ ఎవరిదో మీకు తెలుసు.

పోనీ వర్తిస్తుందనే అనుకోండి. అక్కడ చట్టం మాట్లాడేది అండర్‌టేకింగ్ గురించి, విడి ఆస్తి గురించి కాదు. కంపెనీ నెట్‌వర్త్‌లో (ఆస్తుల్లోంచి అప్పులు తీసేస్తే మిగిలేదాంట్లో) 20 శాతం మించి పెట్టుబడి ఉన్నది గానీ, అంతకుముందు సంవత్సరం మొత్తం ఆదాయంలో 20 శాతం తెచ్చినది గానీ అయితే అది అండర్‌టేకింగ్, దాని విలువలో 20 శాతం లేదా అంతకన్నా ఎక్కువ అమ్మితే "దాదాపు మొత్తం" అమ్మినట్టు. రెండు చోట్లా లెక్క కట్టేది ఆడిట్ అయిన బ్యాలెన్స్ షీట్ విలువ మీదే. మీ ఖాళీ స్థలం ఆదాయం తేవట్లేదు, పుస్తకాల్లో 22 లక్షలే. అండర్‌టేకింగ్ అంటే భూమి, మెషినరీ లాంటి వస్తువు కాదు, లాభం కోసం నడిపే వ్యాపార కార్యకలాపం అని పాత మైసూర్ హైకోర్టు యల్లమ్మ కాటన్ మిల్స్ కేసులో అన్నమాటని ఇప్పటికీ ఉటంకిస్తారు. అంటే అవతలి లాయర్ మొదటి రోజే లేచి ఇది అండర్‌టేకింగే కాదు అంటాడు.

ఇంకోటి చూడండి, ఇది చాలామంది గమనించరు. 180 కింద కావాల్సింది స్పెషల్ రిజల్యూషన్. అంటే వ్యతిరేకంగా పడ్డ ఓట్లకి అనుకూలంగా పడ్డవి మూడింతలకి తక్కువ కాకూడదు. మీకు 25, అవతల 45 ప్లస్ 30, మొత్తం 75. సరిగ్గా మూడింతలు. తీర్మానం పాస్ అయిపోతుంది. మీ దగ్గర ఇంకొక్క షేరు ఎక్కువ ఉంటే ఆగేది.

కాబట్టి మిమ్మల్ని కాపాడేది ఏదైనా ఉంటే అది మీ అగ్రిమెంట్‌లో రాసుకున్న నిర్వచనమే, చట్టం వచ్చి ఆ ఖాళీని పూరించదు.

యార్డు_రోడ్డు

చాలా థాంక్స్ అండీ, 75 కి 25 లెక్క నాకు అసలు తట్టలేదు, నాన్నకి చెప్తే ఆయన కూడా కాసేపు మాట్లాడలేదు. అయితే ఏం రాయమంటారు, "20 శాతం మించితే" అని పెట్టమంటే సరిపోతుందా?

సీఎస్_అమరావతి

దేనిలో 20 శాతం? అది తేలకపోతే అంకె పెట్టి లాభం లేదు. మీ లెక్కే తీసుకుందాం. పుస్తక విలువ ప్రకారం 9 కోట్లలో 22 లక్షలు, అంటే రెండున్నర శాతం కూడా లేదు. మార్కెట్ విలువ ప్రకారం ఆ స్థలం 6 కోట్లు, మిగతావన్నీ పుస్తకాల్లో ఉన్నట్టే ఉంచితే మొత్తం 14.78 కోట్లు, అందులో 6 అంటే 40 శాతం పైనే. ఒకటే స్థలం, ఒకటే క్లాజ్, ఒక లెక్కలో మీ సంతకం అక్కర్లేదు, ఇంకో లెక్కలో సంతకం లేకుండా కదల్దు. "ఆడిట్ అయిన చివరి బ్యాలెన్స్ షీట్ ప్రకారం" అనే నాలుగు ముక్కలు ఎవరైనా చిన్నగా చేర్చారంటే మీ వీటో, అంటే అమ్మకాన్ని ఆపే హక్కు, అక్కడితో పోయినట్టే.

మన దగ్గర భూమి ఉన్న ప్రతి పాత కంపెనీలో ఇదే పరిస్థితి, భూమి కొన్న ధరకే కూర్చుని ఉంటుంది, దానికి డిప్రిసియేషన్ ఉండదు, పెంచి చూపించేవాళ్ళు తక్కువ. మీ కంప్రెసర్లు, చాంబర్ల ఇన్సులేషన్ ఏటేటా తగ్గుతూ వస్తాయి. మీ మిర్చి పొడి బ్రాండ్ ఉందనుకోండి, సొంతంగా పెంచుకున్న బ్రాండ్‌ని అకౌంటింగ్ ప్రమాణాలు అసలు ఆస్తిగా ఎక్కించనివ్వవు, పుస్తకాల్లో దాని విలువ సున్నా. మొత్తం వ్యాపారం దాని పేరు మీద నడుస్తున్నా సరే.

అందుకని విలువ అంటే ఏంటో రాయండి. నేను సాధారణంగా పెట్టించేది, స్థిరాస్తికి రిజిస్టర్డ్ వాల్యుయర్ ఇచ్చిన విలువ, రిజిస్ట్రేషన్ శాఖ విలువ, కొనేవాళ్ళు ఇస్తామన్న ధర, ఈ మూడింట్లో ఏది ఎక్కువైతే అది. వాల్యుయర్‌ని ఎవరు పెట్టాలో కూడా రాయాలి, లేకపోతే దాని మీద ఇంకో గొడవ. అమ్మే ఆస్తి విలువ ఏ పద్ధతిలో కడతారో మొత్తం ఆస్తుల విలువ కూడా అదే పద్ధతిలో లెక్క కట్టాలి, స్థలాన్ని మార్కెట్‌లోనూ మొత్తాన్ని పుస్తకాల్లోనూ లెక్కిస్తే ప్రతి చిన్న అమ్మకం మీ దగ్గరికే వస్తుంది, వ్యాపారం ముందుకు సాగదు, అది మీకూ మంచిది కాదు.

డాలస్_తెనాలి

నేను ఇక్కడ అమెరికాలో ఒక కంపెనీలో కాంట్రాక్ట్స్ టీంలో చేస్తాను, ఊరు తెనాలే, అందుకే ఈ థ్రెడ్ ఆగి చదివాను. ఒక్క మాట కలుపుతాను. మన దగ్గర చాలా డ్రాఫ్టులు ఇక్కడి టెంప్లేట్లు చూసి దించుతారు, "ఆల్ ఆర్ సబ్‌స్టాన్షియల్లీ ఆల్" (మొత్తం లేదా దాదాపు మొత్తం) అనే లైన్ అలాగే వచ్చేస్తుంది. మీ డ్రాఫ్ట్‌లో ఇంకెక్కడైనా ఆ మాట ఉందేమో చూడండి. ఉంటే అది మీకు పనికొచ్చేది కాదు.

డెలావేర్ రాష్ట్రంలో కంపెనీ ఆస్తులు దాదాపు మొత్తం అమ్మాలంటే షేర్‌హోల్డర్ల ఓటు కావాలి, సెక్షన్ 271. ఎంత అన్నది చట్టంలో లేదు, కోర్టులే చెప్పుకుంటూ వచ్చాయి. 1974లో సిగ్నల్ అనే కంపెనీ తన ఆయిల్ వ్యాపారాన్ని 480 మిలియన్ డాలర్లకి అమ్మింది, అది మొత్తం ఆస్తుల్లో 26 శాతం దాకా, ఆదాయంలో 15 శాతం దాకా. కోర్టు ఇది దాదాపు మొత్తం కాదు అంది, అంకె ఒక్కటే చూడకూడదు, ఆ కంపెనీ మనుగడకీ ఉద్దేశానికీ ఆ భాగం ఎంత ముఖ్యం అన్నది కూడా చూడాలి అని చెప్పింది. 1981లో కాట్జ్ వర్సెస్ బ్రెగ్‌మన్‌లో 51 శాతం ఆస్తులు, 45 శాతం అమ్మకాలు ఉన్న యూనిట్‌ని దాదాపు మొత్తం కిందే లెక్కేసింది. సగం అంటే దాదాపు మొత్తమా అని చాలామంది విమర్శించారు. 2004లో హోలింగర్ కేసు, అందులో లండన్ టెలిగ్రాఫ్ పత్రికల గ్రూపు అమ్మకం, కంపెనీకి ఉన్నవాటిలో అదే అతి విలువైన ఆస్తుల్లో ఒకటి, అయినా కోర్టు ఆ మాటకి అర్థం దాదాపు అంతా అనే, సగం కాదు అని గట్టిగా చెప్పి ఓటు అక్కర్లేదు అంది.

అంటే ఇన్ని దశాబ్దాలుగా పెద్ద పెద్ద లాయర్లు కొట్టుకుంటున్నా ఆ మాటకి ఒక అంకె తేలలేదు. మూడు కుటుంబాల కోల్డ్ స్టోరేజీ కంపెనీ ఆ ఖర్చు పెట్టుకోలేదు. శాతం మీద ఆధారపడటం కన్నా ముఖ్యమైన ఆస్తుల్ని పేరు పెట్టి షెడ్యూల్‌లో రాసేయండి. ఫలానా సర్వే నంబర్, ఇన్ని ఎకరాల ఇన్ని సెంట్లు, కోల్డ్ స్టోరేజీ బిల్డింగ్, పొడి యూనిట్ మెషినరీ, బ్రాండ్ ట్రేడ్‌మార్క్ నంబర్. ఇవి ఏవైనా, ఎంత చిన్న భాగమైనా, ఏ విలువకైనా సరే, అందరి సంతకం ఉండాలి. శాతం క్లాజ్ మిగతావాటికి ఉంచండి. షెడ్యూల్‌లో ఉన్న స్థలం గురించి అది గణనీయమా కాదా అని వాదించే అవసరమే రాదు.

మిర్యాలగూడ_మిల్లు

షెడ్యూల్ ఐడియా సూపర్ సర్, కానీ "అమ్మడం" అనే మాట ఒక్కటే పెడితే మళ్ళీ అదే బాధ. మా రైస్ మిల్లు పార్ట్‌నర్‌షిప్ ఫర్మ్, మా దగ్గర జరిగింది చెప్తా. డీడ్‌లో అందరి ఒప్పుకోలు లేకుండా మిల్లు ఆస్తి అమ్మకూడదు అని ఉండె, కరెక్టే, ఎవరూ అమ్మలే. మేనేజింగ్ పార్ట్‌నర్ ఆయన గోదాం స్థలాన్ని లీజుకు ఇచ్చిండు, 29 ఏళ్ళు, అద్దె నామమాత్రం, అడ్వాన్స్ మాత్రం భారీగా, ఆ అడ్వాన్స్ ఫర్మ్ అకౌంట్ల పూర్తిగా పడనే లేదు. అడిగితే అమ్మలే కదా లీజే కదా అన్నడు. అమ్మినట్టే అయింది మా సంగతి, 29 ఏళ్ళ తర్వాత మా పిల్లలు చూసుకోవాలె.

పార్ట్‌నర్‌షిప్ చట్టం 1932లో సెక్షన్ 19 ప్రకారం ఒక పార్ట్‌నర్ ఫర్మ్ స్థిరాస్తిని తనంతట తాను బదిలీ చెయ్యలేడు అని ఉంది, దాన్ని పట్టుకొని కొట్లాడుతున్నం, కానీ కోర్టుల చుట్టూ తిరిగే బదులు ముందే రాసుకుంటే అయిపోవు. అమ్మకం, లీజు, తాకట్టు, గిఫ్ట్, ఎక్స్ఛేంజ్, డెవలప్‌మెంట్ అగ్రిమెంట్, సేల్ అగ్రిమెంట్ కం జీపీఏ (జనరల్ పవర్ ఆఫ్ అటార్నీ), వేరే కంపెనీకి బదలాయింపు అన్నీ రాయించండి అన్నా. వెంచర్ వాళ్ళు సేల్ డీడ్ ముందుగ అడగరు, డెవలప్‌మెంట్ అగ్రిమెంటే అడుగుతరు.

యార్డు_రోడ్డు

ఇది చదివాక అన్నయ్య నోట "అమ్మం, డెవలప్‌మెంట్‌కి ఇద్దాం" అన్నమాట విన్నట్టు గుర్తొచ్చింది. కానీ లీజు అని పెడితే ఒక ఇబ్బంది ఉంది, మా వ్యాపారమే చాంబర్లు అద్దెకివ్వడం కదా, ఫిబ్రవరి నుంచి ఏప్రిల్ దాకా సరుకు దిగేటప్పుడు కొంతమంది ట్రేడర్లు చాంబర్ మొత్తం సీజన్‌కి మాట్లాడుకుంటారు. దానికి కూడా అందరి సంతకం అంటే లారీలు గేటు బయటే నిలబడతాయి. పొడి యూనిట్ సరుకు అమ్మడం కూడా ఆస్తి అమ్మడమే అవుతుందా?

సీఎస్_అమరావతి

మంచి ప్రశ్న, అందుకే మినహాయింపులు కూడా అంతే జాగ్రత్తగా రాయాలి. రోజువారీ వ్యాపారంలో జరిగేవి అని ఊరికే వదిలేస్తే అది ఇంకో గణనీయమైన భాగం అయి కూర్చుంటుంది, రేపు స్థలం అమ్మడం కూడా రోజువారీ వ్యాపారమే అంటారు. విడిగా చెప్పండి, చాంబర్లలో నిల్వకి ఒక సీజన్ మించని అద్దె ఒప్పందాలు, పొడి యూనిట్ తయారుచేసిన సరుకు అమ్మకం, పాడైపోయిన మెషిన్ తీసేసి అదే పనికి కొత్తది వెయ్యడం. చాంబర్లలో రైతులదీ ట్రేడర్లదీ ఉన్న మిర్చి అసలు కంపెనీ ఆస్తే కాదు కాబట్టి దాని గురించి భయం లేదు. కోల్డ్ స్టోరేజీ మొత్తాన్ని ఒకరికే లీజుకి ఇవ్వడం మాత్రం ఈ మినహాయింపులో రాకూడదు, ఆ వాక్యం కూడా రాసెయ్యండి.

ముక్కలు ముక్కలుగా అమ్మే దారి కూడా మూయాలి. ఈ ఏడాది 8 శాతం, మార్చి దాటాక ఇంకో 8 శాతం అంటే ఏ సంవత్సరానికి ఆ సంవత్సరం చూస్తే ఎప్పటికీ గీత దాటదు. స్టాక్ మార్కెట్‌లో లిస్టయిన కంపెనీల మెటీరియల్ సబ్సిడియరీల (ముఖ్యమైన అనుబంధ కంపెనీల) విషయంలో మార్కెట్ నియంత్రణ సంస్థ సెబీ కూడా ఒక ఆర్థిక సంవత్సరంలో అమ్మినవన్నీ కలిపి 20 శాతం అనే చూస్తుంది. మీరు దానికన్నా గట్టిగా పెట్టుకోవచ్చు, వరుసగా 36 నెలల్లో జరిగినవన్నీ, సంబంధం ఉన్న కొనుగోలుదారులకి ఇచ్చినవన్నీ కలిపి లెక్క. శాతం పక్కన రూపాయల్లో ఒక పరిమితి కూడా ఉంచండి, మీ సైజుకి ఒక్క లావాదేవీ 50 లక్షలు దాటితే అనుకోవచ్చు. శాతం గానీ రూపాయలు గానీ ఏది ముందు దాటితే అది.

ఇంతా చేసి దీన్ని అగ్రిమెంట్‌లో మాత్రమే ఉంచి వదిలేస్తే సగం పనే అయినట్టు. రంగరాజ్ వర్సెస్ గోపాలకృష్ణన్ కేసులో 1991లో సుప్రీంకోర్టు, షేర్ల బదిలీ మీద ఆంక్ష ఆర్టికల్స్‌లో (కంపెనీ నియమావళిలో) లేకపోతే అది కంపెనీని కట్టిపడెయ్యదు అంది. అది షేర్ల గురించే అయినా అదే తర్కం మీ మీదికి కూడా తెస్తారు. పైగా అగ్రిమెంట్ మీ ముగ్గురి బీరువాల్లో ఉంటుంది, స్థలం కొనేవాడికి తెలియదు, నాకు తెలియక కొన్నాను అంటే అతని మీదికి వెళ్ళడం కష్టం. ఆర్టికల్స్ అయితే ఎంసీఏ (కార్పొరేట్ వ్యవహారాల మంత్రిత్వ శాఖ) పోర్టల్‌లో ఎవరైనా తీసి చూడొచ్చు, అతని లాయర్ చూడకుండా ముందుకెళ్ళడు.

ఆర్టికల్స్‌లో పెట్టినా మామూలుగా పెడితే స్పెషల్ రిజల్యూషన్‌తో తీసేయొచ్చు, మీ 75 కి 25 లెక్క మళ్ళీ ఇక్కడికే వస్తుంది. అందుకే సెక్షన్ 5 కింద ఎన్‌ట్రెంచ్‌మెంట్ క్లాజ్‌గా పెట్టించండి, అంటే అందరూ ఒప్పుకుంటే తప్ప ఆ క్లాజ్ మార్చకూడదు అని. నడుస్తున్న ప్రైవేట్ కంపెనీలో అలాంటిది చేర్చాలంటే సభ్యులందరూ ఒప్పుకోవాలి, రిజిస్ట్రార్‌కి తెలియజెయ్యాలి. వాళ్ళు ఒప్పుకునే సమయం ఏదైనా ఉంటే అది ఇప్పుడే, నాన్నగారి గ్యారంటీ సంతకం పడక ముందు.

బ్రాడీపేట_కుర్రాడు

సారీ అన్నా, ఇంత ఉంటుందని తెలీదు. నాదో డౌట్, ఇవన్నీ లేకుండా సంతకం పెట్టేసి ఉంటే, వాళ్ళు అమ్మేస్తే ఇక దారే లేదా?

సీఎస్_అమరావతి

ఉంది. 10 శాతం షేర్లున్న సభ్యులు సెక్షన్ 241 కింద ఎన్‌సీఎల్‌టీకి, అంటే కంపెనీల తగాదాలు చూసే ట్రైబ్యునల్‌కి, వెళ్ళొచ్చు, వీళ్ళకైతే అమరావతి బెంచ్. కానీ అక్కడ నిరూపించాల్సింది అణచివేత గానీ నిర్వహణలో అక్రమం గానీ. సరైన ధరకి అమ్మి డబ్బు కంపెనీ ఖాతాలోనే వేస్తే, అది మాకు ఇష్టం లేదు అన్నంత మాత్రాన అణచివేత అవ్వదు. ఇక్కడ వీళ్ళ బాధ ధర గురించి కూడా కాదు, ఇల్లు తాకట్టులో ఉండగా కంపెనీ దగ్గరున్న విలువైన స్థలం వెళ్ళిపోతే లోన్ తీర్చే బలం తగ్గుతుందని. ఆ మాట అగ్రిమెంట్ మొదట్లో ఉద్దేశం కింద రెండు లైన్లలో రాయిస్తే తర్వాత చదివే జడ్జికో ఆర్బిట్రేటర్‌కో ఆ క్లాజ్ ఎందుకుందో అర్థమవుతుంది.

డాలస్_తెనాలి

బ్యాంకు సంగతి కూడా మర్చిపోవద్దు. ఆ 2 ఎకరాలు లోన్‌కి సెక్యూరిటీలో ఉందా? ఉంటే బ్యాంకు ఎన్ఓసీ (అభ్యంతరం లేదన్న లెటర్) లేకుండా అమ్మలేరు. లేకపోతే మీ ఇల్లు ఎందుకు పెడుతున్నారు, ముందు కంపెనీ స్థలం పెట్టమనండి.

యార్డు_రోడ్డు

ఈ ప్రశ్న మేమెవరం అడగలేదు సర్. ఇవాళ పొద్దున బ్యాంకుకి వెళ్ళి అడిగాను, ఆ స్థలం సెక్యూరిటీలో లేదు, పెడితే మా ఇల్లు అక్కర్లేకపోవచ్చు, వాల్యుయేషన్ చేయించి చెప్తాం అన్నారు.

మధ్యాహ్నం అందరం కూర్చున్నాం. షెడ్యూల్‌లో సర్వే నంబర్లు రాయడానికి నాన్న స్నేహితుడు వెంటనే ఒప్పుకున్నారు, ఆయనకి కూడా అదే మంచిది కదా, రేపు మేమూ పెదనాన్న వాళ్ళూ కలిస్తే 70 శాతం, బోర్డులో ఆయన మాట చెల్లదు. అన్నయ్య మాత్రం రూపాయల పరిమితి 50 లక్షలు తక్కువ, కోటి చెయ్యండి అంటున్నాడు, ఎన్‌ట్రెంచ్‌మెంట్ గురించి ఆలోచించి చెప్తా అన్నాడు. నేను కోటికి సరే అన్నాను, స్థలం షెడ్యూల్‌లో ఉంది కాబట్టి. ఎన్‌ట్రెంచ్‌మెంట్ మాత్రం వదల్లేదు, అది తేలేదాకా గ్యారంటీ కాగితాల మీద సంతకం ఉండదని నాన్న అందరి ముందే చెప్పేశారు. సంతకాలు వచ్చే వారం నుంచి ఈ నెలాఖరుకి జరిపాం. కొత్త డ్రాఫ్ట్ రాగానే ఆ క్లాజ్ ఇక్కడ పెడతాను, సీఎస్ గారూ, డాలస్ గారూ ఒకసారి చూసి పెట్టండి.

సీఎస్_అమరావతి

తప్పకుండా చూస్తాను. పెట్టేటప్పుడు సర్వే నంబర్లు, పేర్లు తీసేసి పెట్టండి. షెడ్యూల్‌లో విస్తీర్ణం రాసేటప్పుడు సేల్ డీడ్‌లోనూ అడంగల్‌లోనూ ఒకే అంకె ఉందో లేదో కూడా చూసుకోండి, పాత స్థలాల్లో సెంట్ల దగ్గర తేడాలు వస్తుంటాయి, హద్దులు కూడా రాయించండి.

మిర్యాలగూడ_మిల్లు

కొత్త డ్రాఫ్ట్ వస్తే నాకూ కావాలె అన్నా, మా డీడ్ కూడా ఈసారి అట్లనే తిరగరాయిస్తున్నం.